గృహ టెలివిజన్‌కు అందని తరంగాలు: దోషం విమానానిదా, గోడదా?

మన ప్రాంతంలో ఒక నమ్మకం స్థిరపడిపోయింది. శంషాబాదులోనో, రాళ్లగూడలోనో, సాతంరాయిలోనో ఏ ఇంట్లోనైనా టెలివిజన్ తెరమీది బొమ్మ హఠాత్తుగా నిలిచిపోయి, దాని నడుమ చిన్న చక్రం గిరగిర తిరగడం మొదలైతే, ఇంటివారు తలెత్తి పైకప్పు వంక చూస్తారు. "విమానం పోతున్నది, అందుకే" అంటారు. 2008 మార్చి 23 నుండి రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం ఇక్కడ పనిచేస్తున్నది. నాటి నుండి మన ఇళ్లలో జరిగే అనేక లోపాలకు విమానమే కారణమని చెప్పుకోవడం మనకు అలవాటైపోయింది. ఈ నమ్మకంలో నిజం ఎంత అని విచారించడమే ఈ వ్యాస ఉద్దేశం.

ఇది కేవలం వినోదానికి సంబంధించిన విషయం కాదు. 2020 సెప్టెంబరు 1న మన రాష్ట్రంలో పాఠశాల విద్యార్థులకు దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ప్రసారాల ద్వారా పాఠాలు మొదలైనప్పటి నుండి టెలివిజన్ అనేక కుటుంబాలలో తరగతి గది అయింది. కంప్యూటరు కొనలేని ఇంట్లో, ఒకే ఒక చరవాణిని తండ్రి పనికి తీసుకుపోయే ఇంట్లో, అంతర్జాలానికి కలిపిన టెలివిజనే పాఠం వినడానికి మిగిలిన సాధనం. అది పనిచేయకపోతే నష్టపోయేది విద్యార్థే.

మమ్మల్ని ఈ విచారణకు పురికొల్పినది అటువంటి ఒక కుటుంబమే. మా సహాధ్యాయి ఒకరి ఇల్లు శంషాబాదులో ఉన్నది. ఆయన చెల్లెలు ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతూ, సాయంత్రం వేళ భౌతిక, రసాయన శాస్త్ర పాఠాలను టెలివిజన్‌లో వినేది. పరీక్షలు రెండు నెలలలోకి వచ్చినవి. పాఠం పది నిమిషాలు సాగితే రెండు నిమిషాలు ఆగేది. సమీకరణం సగంలో ఉండగా బొమ్మ నిలిచిపోయేది. వారి దాదీమా జపమాల పక్కన పెట్టి, "జహాజ్ వచ్చింది, పాఠం పోయింది" అనేవారు. అంతర్జాలపు తీగ ఇచ్చిన సంస్థ పంపిన పనివాడు వచ్చి చూసి, "విమానాశ్రయం పక్కన ఇంతే, మరేమీ చేయలేము" అని వెళ్లిపోయాడు. ఇక చేసేది లేక, తండ్రిగారు అప్పు చేసి కొత్త టెలివిజన్ కొనాలని నిశ్చయించారు. ఆ సమయంలో విజ్ఞాన శాస్త్ర విద్యార్థులమైన మేము నలుగురము, "అబ్బాజాన్, ఒక వారం ఆగండి, మేము చూస్తాము" అని వారిని అడిగాము. వారు అంగీకరించారు.

తరంగాల పంపకం

ఏ కారణాన్ని వెదకాలన్నా ముందు విషయం తెలియాలి. ఇంట్లో తీగ లేకుండా అంతర్జాలాన్ని పంచిపెట్టే పెట్టెను రౌటర్ అంటాము. అది వాడుకునేవి రేడియో తరంగాలే. ఇవి గోడలను దాటి పోగలవన్న సంగతి కొత్తది కాదు. 1895లో కలకత్తాలో ఆచార్య జగదీశ్ చంద్ర బోసు అతి స్వల్ప తరంగదైర్ఘ్యం గల రేడియో తరంగాలను గోడల గుండా పంపి, అవతలి గదిలోని గంట మోగించి చూపారు. నేడు మన ఇంట్లోని రౌటర్ చేసే పని మూలంలో అదే.

గృహాలలో ముఖ్యంగా రెండు పట్టీలు వాడుకలో ఉన్నవి. మొదటిది 2400 నుండి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు గల పట్టీ. దీనిని 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ అంటారు. దీని తరంగదైర్ఘ్యం సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు. మన దేశంలో 2005లో దీనిని లైసెన్సు అవసరం లేకుండా వాడుకోవడానికి అనుమతించారు. రెండవది 5 గిగాహెర్ట్జ్ పట్టీ. దీని తరంగదైర్ఘ్యం ఐదారు సెంటీమీటర్లు. 2018 అక్టోబరులో వెలువడిన నియమాల ప్రకారం 5150 నుండి 5350 వరకు, 5470 నుండి 5875 వరకు గల మెగాహెర్ట్జ్ భాగాలు ఇళ్లలో వాడుకునే ఇటువంటి పరికరాలకు లైసెన్సు లేకుండా లభించినవి.

ఇక విమానాశ్రయం సంగతి. విమానాలు, వాటిని నడిపించే కేంద్రాలు కూడా రేడియో తరంగాలనే వాడతాయి. అయితే అవి ఏ పట్టీలలో ఉన్నవో చూడాలి. రన్‌వే మధ్యరేఖను చూపే సంకేతం 108 నుండి 112 మెగాహెర్ట్జ్ లోపల ఉంటుంది. పైలట్లు, నియంత్రణ గోపురంలోని అధికారులు మాట్లాడుకునేది 118 నుండి 137 లోపల. దిగే కోణాన్ని చూపే సంకేతం 330 ప్రాంతంలో. విమానం తన గుర్తింపును, ఎత్తును తెలిపే రాడార్ ప్రశ్నోత్తరాలు 1030, 1090 మెగాహెర్ట్జ్‌ల వద్ద జరుగుతాయి. విమానాశ్రయ పరిసరాలలోని విమానాలను కనిపెట్టే రాడార్లు సాధారణంగా 2700 నుండి 2900 లోపల పనిచేస్తాయి. విమానం నేలకు ఎంత ఎత్తులో ఉన్నదో కొలిచే పరికరం 4200 నుండి 4400 లోపల, విమానం ముక్కులో ఉండే వాతావరణ రాడార్ 9000 పైన పనిచేస్తాయి.

ఈ పట్టికను, మన రౌటర్ పట్టీలను పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. విమానయానానికి కేటాయించిన ఈ పట్టీలలో ఏదీ 2400, 2483.5 మధ్య లేదు. ఒకే గ్రామానికి రెండు వేర్వేరు కాలువల నుండి నీరు వచ్చినట్లు, విమానాలది ఒక దారి, మన టెలివిజన్‌ది ఒక దారి. 5 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒక చిన్న మినహాయింపు ఉన్నది. దానిని ముందు ముందు వివరిస్తాము.

పాత నమ్మకానికి మూలం

అట్లయితే ఈ నమ్మకం ఎక్కడి నుండి వచ్చింది? పెద్దలు ఊరికే అనలేదని ఇక్కడ ఒప్పుకోవాలి. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ప్రసారాలు ప్రారంభించిన తరువాత, నగరంలో మేడలమీద అల్యూమినియం కడ్డీల ఏంటెన్నాలు వెలిసినవి. నాడు విమానాశ్రయం బేగంపేటలో ఉండేది. విమానం తక్కువ ఎత్తులో పోతున్నప్పుడు తెరమీది బొమ్మ అలలు అలలుగా అదిరేది. దీనికి కారణం ఉన్నది. ప్రసార గోపురం నుండి తరంగం నేరుగా ఏంటెన్నాకు చేరేది. అదే తరంగం విమానపు లోహ శరీరానికి తగిలి, పరావర్తనం చెంది, కొంచెం ఆలస్యంగా చేరేది. విమానం కదులుతున్నందున ఈ రెండింటి దారుల భేదం క్షణక్షణం మారేది. ఒకసారి రెండూ కలిసి బలపడేవి, మరొకసారి ఒకదానినొకటి తగ్గించుకునేవి. బొమ్మ అదిరేది.

కావున దాదీమా చెప్పినది వారి యవ్వనకాలపు అనుభవం. ఆ కాలానికి అది సత్యమే. కాని నేటి టెలివిజన్‌కు బొమ్మ దూరపు గోపురం నుండి గాలిలో రావడం లేదు. అది నేల వెంబడి తీగలో ఇంటి గుమ్మం దాకా వచ్చి, రౌటర్ నుండి టెలివిజన్‌కు పది పదిహేను మీటర్లు మాత్రమే గాలిలో ప్రయాణిస్తున్నది. రౌటర్ శక్తి వాటులో కొద్ది భాగం మాత్రమే. వందల మీటర్ల ఎత్తున పోయే విమానానికి అది తగిలి, తిరిగి వచ్చి, పాఠాన్ని చెడగొట్టడం సంభవం కాదు. సాధనం మారింది, నమ్మకం మాత్రం మారలేదు.

మేము చేసిన పరిశీలన

సిద్ధాంతం ఎంత సరిగా ఉన్నా, ఇంట్లో జరిగేదానిని కళ్లతో చూసి నిర్ణయించాలి. మేము ఒక నోటుపుస్తకం తీసుకుని మూడు గడులు గీసుకున్నాము. మొదటి గడిలో విమానధ్వని వినబడిన వేళ, రెండవ గడిలో బొమ్మ నిలిచిన వేళ, మూడవ గడిలో ఆ సమయంలో ఇంట్లో జరుగుతున్న పని. ఐదు రోజులు, సాయంత్రం ఆరు నుండి రాత్రి పది వరకు వంతులవారీగా కూర్చుని వ్రాశాము. చాయ్ పంపిన ఆ ఇంటి అమ్మీజాన్‌కు మేము ఎంతైనా కృతజ్ఞులము.

ఐదు రోజుల తరువాత లెక్క తీస్తే తేలినది ఇది. విమానధ్వని వినబడిన నిమిషాలు, వాటికి అటూ ఇటూ ఒక్కొక్క నిమిషం కలుపుకుని, మొత్తం కాలంలో రమారమి మూడవ వంతు ఉన్నవి. బొమ్మ నిలిచిన సందర్భాలలో విమాన సమయంలో జరిగినవి కూడా రమారమి మూడవ వంతే. విమానమే కారణమైతే దాదాపు అన్ని అంతరాయాలూ ఆ సమయంలోనే రావాలి. అట్లా రాలేదు. పైగా తలమీదుగా విమానం పోయినా పాఠం చక్కగా సాగిన సందర్భాలు లెక్కలేనన్ని కనిపించినవి. వాటిని ఇంతకు ముందు ఎవరూ గుర్తుంచుకోలేదు.

మన పూర్వులు దీనికి కాకతాళీయ న్యాయమని పేరు పెట్టారు. కాకి వచ్చి వాలిన క్షణాన తాటిపండు రాలితే, కాకి వల్లనే పండు రాలిందని అనుకోవడం వంటిది. మన శంషాబాదులో కాకి నిమిష నిమిషానికీ వాలుతూనే ఉంటుంది. కావున పండు ఎప్పుడు రాలినా పక్కన ఒక కాకి ఉండనే ఉంటుంది.

మరి నిజమైన కారణమేది? మూడవ గడి చూసిన తరువాత దారి దొరికింది. అంతరాయాలు రాత్రి ఎనిమిది, పది గంటల మధ్య గుంపుగా ఉన్నవి. ఇరుగు పొరుగు ఇళ్లవారందరూ పనుల నుండి తిరిగి వచ్చి తమ తమ పరికరాలు వాడుకునే వేళ అది. వంటింట్లో మైక్రోవేవ్ పొయ్యి నడిచిన ప్రతిసారి బొమ్మ నిలిచింది. ఇక విద్యుత్తు పోయి ఇన్వర్టర్ అందుకున్న ప్రతిసారి రెండు మూడు నిమిషాలపాటు సంబంధమే తెగిపోయింది.

గోడ, బీరువా, డెసిబెల్

తరువాత మేము చరవాణిలోని ఒక ఉచిత కొలత సాధనంతో తరంగబలాన్ని కొలిచాము. ఈ బలాన్ని ఒక మిల్లీవాటుతో పోల్చి డెసిబెల్‌లలో చెబుతారు. ఇంట్లో దొరికే బలం మిల్లీవాటు కంటె ఎంతో తక్కువ గనుక అంకె ముందు ఋణ చిహ్నం ఉంటుంది. ఋణాంకం పెద్దదైన కొద్దీ బలం తక్కువ. ఇందులో విద్యార్థులు గుర్తుంచుకోదగిన సూత్రాలు రెండు. మూడు డెసిబెల్‌లు తగ్గితే బలం సగమవుతుంది. పది డెసిబెల్‌లు తగ్గితే పదవ వంతవుతుంది.

రౌటర్ పక్కన అంకె మైనస్ 42. టెలివిజన్ వద్ద అదే అంకె మైనస్ 79. భేదం 37 డెసిబెల్‌లు. అనగా రౌటర్ వద్ద ఉన్న బలంలో సుమారు ఐదువేల వంతులలో ఒక వంతు మాత్రమే టెలివిజన్‌కు అందుతున్నది. మైనస్ 60 ప్రాంతంలో బొమ్మ నిలకడగా వస్తుంది. మైనస్ 70 దాటితే సందేహం. మైనస్ 80 చేరువలో కొద్దిపాటి ఆటంకం వచ్చినా తెగిపోతుంది.

ఇంత బలం ఎక్కడ పోయింది? ఇంటిని కలయ చూశాము. తీగ వీధివైపు గదిలోనికి వస్తున్నది. రౌటర్ కంటికి కనబడరాదని ఇనుప బీరువా వెనుక పెట్టారు. దాని తరువాత పాత కాలపు రాతి గోడ. దాని తరువాత కొత్తగా కట్టిన గది, ఇనుప కడ్డీలతో పోసిన కాంక్రీటు. ఆ గదిలో టెలివిజన్. లోహం తరంగాన్ని పరావర్తనం చేస్తుంది గాని దాటనీయదు. రాయి, కాంక్రీటు దానిని చాలవరకు మింగివేస్తాయి. నీరు కూడా మింగుతుంది. అందుచేత నీటి తొట్టి పక్కన, చేపల తొట్టి వెనుక రౌటర్ పెట్టడం మంచిది కాదు. టెలివిజన్ వెనుక భాగంలో కూడా లోహపు రేకు ఉంటుంది. దానిని గోడకు అంటించి బిగిస్తే లోపలి ఏంటెన్నాకు అందేది మరింత తగ్గుతుంది. ఇది గాక, దూరం రెట్టింపైతే బలం నాల్గవ వంతు అవుతుందన్న సూత్రం ఉండనే ఉన్నది.

ఇక రాత్రివేళ రద్దీ. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో మన దేశంలో పదమూడు ఛానళ్లు ఉన్నవి. వాటి మధ్య ఎడం 5 మెగాహెర్ట్జ్ మాత్రమే. ఒక్కొక్క ప్రసారం ఆక్రమించేది సుమారు 20 మెగాహెర్ట్జ్. కావున ఒకదానితో ఒకటి తగులకుండా ఉండేవి 1, 6, 11 అనే మూడు ఛానళ్లే. ఇరుకు వీధిలో మూడే బండ్లు పట్టే చోట పదకొండు బండ్లు ఒక్కసారి వస్తే ఏమవుతుందో, ఆ ఇంటి చుట్టూ కనబడిన పదకొండు రౌటర్ల మధ్య అదే జరుగుతున్నది. మైక్రోవేవ్ పొయ్యి కూడా 2450 మెగాహెర్ట్జ్ చేరువలోనే పనిచేస్తుంది. దాని తలుపు సందుల నుండి బయటికి వచ్చే కొద్ది శక్తి మనిషికి హాని చేయకపోయినా, మైనస్ 79 వద్ద ఉన్న బలహీన సంకేతాన్ని ముంచివేయడానికి చాలు.

దోషాన్ని వెదికే క్రమం

మా అనుభవం నుండి, అధ్యయనం నుండి తేలిన క్రమాన్ని విద్యార్థి మిత్రుల సౌకర్యార్థం ఇక్కడ పొందుపరుస్తున్నాము. ఒక్కసారి ఒక్క మార్పు మాత్రమే చేయడం ఇందులో ముఖ్య నియమం. మూడు మార్పులు కలిపి చేస్తే బాగుపడినా, దేనివల్ల బాగుపడిందో తెలియదు.

మొదటిది, దోషం ఇంటి బయటదా, లోపలిదా అని విడదీయాలి. బొమ్మ నిలిచిన సమయంలో చరవాణిని రౌటర్ పక్కకు తీసుకుపోయి, వై-ఫై మీదనే ఏదైనా చలనచిత్రం నడపాలి. అక్కడ కూడా ఆగితే బయటి తీగలో దోషం; అప్పుడు సంస్థవారికి చెప్పాలి. అక్కడ నడిచి, టెలివిజన్ వద్ద ఆగితే దోషం ఇంట్లోనే ఉన్నది.

రెండవది, వీలైతే ఒక ఈథర్నెట్ తీగతో టెలివిజన్‌ను రౌటర్‌కు నేరుగా కలిపి చూడాలి. ఈ తీగ వంద మీటర్ల వరకు పనిచేస్తుంది. తీగతో నడిస్తే టెలివిజన్ మంచిదే, గాలిదారిలోనే లోపం. ఈ ఒక్క పరీక్ష చేసి ఉంటే కొత్త టెలివిజన్ మాటే వచ్చేది కాదు. తీగను శాశ్వతంగా ఉంచుకోగలిగితే అంతకంటె మేలైనది లేదు. అనేక టెలివిజన్లలో తీగ ద్వారం సెకనుకు 100 మెగాబిట్లకే పరిమితమైనా, స్పష్టమైన పాఠానికి ఐదారు మెగాబిట్లు, అత్యంత స్పష్టమైన బొమ్మకు పాతిక మెగాబిట్లు సరిపోతాయి.

మూడవది, టెలివిజన్‌ను నిజంగా ఆపాలి. రిమోటుతో ఆపితే అది నిద్రపోతుంది గాని ఆగదు. గోడవద్ద ప్లగ్గు తీసి ఒక నిమిషం తరువాత పెట్టాలి. దాని సాఫ్ట్‌వేరును తాజా పరచాలి. తేదీ, గడియారం సరిగా ఉన్నవో లేదో చూడాలి. తేదీ తప్పితే భద్రతా పత్రాల కాలం సరిపోక, సంబంధం ఉన్నా "అంతర్జాలం లేదు" అని టెలివిజన్ చెబుతుంది. ఇది చాలామందికి తెలియని విషయం.

నాల్గవది, రౌటర్ స్థానం. ఇంటి మధ్యలో, ఎత్తుగా, ఆచ్ఛాదన లేకుండా, ఇనుము, నీరు, ఫ్రిజ్‌లకు దూరంగా ఉండాలి. టెలివిజన్ వెనుక దాచరాదు.

ఐదవది, పట్టీ ఎంపిక. రౌటర్ కనబడేంత దగ్గరలో టెలివిజన్ ఉంటే 5 గిగాహెర్ట్జ్ మేలు; అందులో రద్దీ తక్కువ, మైక్రోవేవ్ బాధ లేదు. గోడలు అడ్డు ఉంటే 2.4 మేలు, అది గోడలను కొంత మెరుగుగా దాటుతుంది. రెండు పట్టీలకు రెండు వేర్వేరు పేర్లు పెట్టుకుంటే టెలివిజన్ అటూ ఇటూ మారుతూ తెగిపోవడం ఉండదు. 2.4 వాడితే ఛానల్ 1, 6, 11లలో ఇరుగుపొరుగువారు తక్కువగా ఉన్నదానిని ఎన్నుకోవాలి.

ఆరవది, టెలివిజన్‌కు తగిలించిన వస్తువులు. యు.ఎస్.బి. 3.0 రకపు హార్డ్ డిస్కులు, వాటి తీగలు 2.4 పట్టీలో రొద పుట్టిస్తాయి. వాటిని తీసివేసి చూడాలి.

ఏడవది, విద్యుత్తు. ఇన్వర్టర్ అందుకునే క్షణకాలపు విరామంలో బల్బు ఒకసారి రెప్పలార్చి వెలుగుతుంది గాని, రౌటర్ ఆగి మళ్లీ మొదటి నుండి మేల్కొంటుంది. దానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. రౌటర్‌కు సరిపడే చిన్న బ్యాటరీ పెట్టె బజారులో దొరుకుతుంది. దానితో ఈ బాధ తీరిపోతుంది.

మేము ఆ ఇంట్లో చేసినది ఇంతే. రౌటర్‌ను బీరువా వెనుక నుండి తీసి, కొంచెం పొడవైన తీగతో రెండు గదుల మధ్య ద్వారబంధం పైన చెక్క బల్లమీద పెట్టాము. టెలివిజన్ వద్ద అంకె మైనస్ 79 నుండి మైనస్ 58కి వచ్చింది. 21 డెసిబెల్‌ల లాభం, అనగా నూరు రెట్లకు మించిన బలం. టెలివిజన్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చాము. రౌటర్‌కు చిన్న బ్యాటరీ తగిలించాము. మరి మూడు రోజులు నోటుపుస్తకం నడిపాము. రెండవ గడి దాదాపు ఖాళీగా మిగిలింది. మొదటి గడి మాత్రం ఎప్పటివలెనే నిండింది. విమానాలు మునుపటివలెనే తలమీదుగా పోతున్నవి, పాఠం ఆగడం లేదు.

విమానాశ్రయం మాట ఎక్కడ నిజం?

న్యాయంగా చెప్పాలంటే, రెండు సందర్భాలలో విమానాశ్రయ సామీప్యానికి సంబంధం ఉండవచ్చును.

మొదటిది ముందు మేము సూచించిన మినహాయింపు. 5 గిగాహెర్ట్జ్ పట్టీ నడిమి భాగంలో, ముఖ్యంగా 5600 మెగాహెర్ట్జ్ చేరువలో, ప్రపంచంలో అనేక చోట్ల వాతావరణ రాడార్లు పనిచేస్తాయి. వానిని రక్షించడానికి ఒక అంతర్జాతీయ పద్ధతి ఏర్పడింది. రౌటర్ ఆ భాగంలోని ఛానల్ వాడదలచినప్పుడు ముందుగా కనీసం ఒక నిమిషం మౌనంగా వినాలి. తరువాత ఎప్పుడైనా రాడార్ జాడ తగిలితే పది సెకన్లలో ఆ ఛానల్ విడిచిపోవాలి. అరగంట వరకు తిరిగి రారాదు. 52 నుండి 64 వరకు, 100 నుండి 144 వరకు గల ఛానళ్లు ఇటువంటివి. 5 గిగాహెర్ట్జ్‌లో నిమిషంపాటు తెగి మళ్లీ తనంతట తాను కలిసే దోషం కనిపిస్తే, రౌటర్ దినచర్య పట్టికలో ఛానల్ మార్పు నమోదై ఉన్నదేమో చూడాలి. ఉంటే 36 నుండి 48 వరకు గాని, 149 నుండి 165 వరకు గాని గల ఛానల్‌ను స్థిరంగా పెట్టుకుంటే సరిపోతుంది. మేము ఆ ఇంట్లో 44 పెట్టాము.

రెండవది, తీగ లేకుండా 5జి గోపురం నుండే ఇంటికి అంతర్జాలం తెచ్చుకున్నవారి సంగతి. 2022 అక్టోబరులో మన దేశంలో 5జి సేవలు మొదలైనవి. విమానాల ఎత్తు కొలిచే పరికరాలకు భంగం కలుగరాదని, 2022 నవంబరులో టెలికాం శాఖ ఒక ఆదేశం ఇచ్చింది. రన్‌వే రెండు కొసల నుండి 2.1 కిలోమీటర్ల వరకు, మధ్యరేఖకు ఇరువైపులా 910 మీటర్ల వరకు 3300 నుండి 3670 మెగాహెర్ట్జ్ పట్టీలోని 5జి కేంద్రాలు నెలకొల్పరాదని అందులో నిర్దేశించింది. అటువంటి జాగ్రత్తల వలన విమానాశ్రయపు అంచున గోపురాలు దూరమై సంకేతం తగ్గవచ్చును. కాని ఇది విమానం పోయినప్పుడు మాత్రమే వచ్చే దోషం కాదు. పగలూ రాత్రీ ఒకే తీరున ఉండేది.

ఈ రెండు సందర్భాలనూ పరిశీలిస్తే ఒక విశేషం కనబడుతుంది. రెండింటిలోనూ విమానం మన టెలివిజన్‌కు అపకారం చేయడం లేదు. మన పరికరాలు విమానానికి, రాడార్‌కు అపకారం చేయకుండా మనం దారి ఇస్తున్నాము. కావున విమానాశ్రయ పరిసరాలలో నివసించే మనకు ఒక బాధ్యత కూడా ఉన్నది. సంకేతం తక్కువగా ఉన్నదని అనుమతి లేని బూస్టర్లను, ఊరూ పేరూ లేని శక్తివంతమైన ప్రసార పరికరాలను మేడమీద పెట్టరాదు. అది చట్టవిరుద్ధం. వందలాది ప్రయాణికుల భద్రతకు సంబంధించిన విషయం కూడా.

ముగింపు

ఆడలేక మద్దెల ఓడన్నట్లు, మన ఇంటి బీరువాను జరపకుండా ఆకాశంలోని విమానాన్ని నిందించడం వలన మనకు కలిగిన నష్టం చిన్నది కాదు. ఒక విద్యార్థిని పరీక్షల ముందు పాఠాలు పోగొట్టుకున్నది. ఒక కుటుంబం అవసరం లేని అప్పు అంచువరకు పోయింది. "ఇక్కడ ఇంతే" అన్న ఒక్క మాటే దీనికంతటికీ మూలం. విజ్ఞాన శాస్త్ర విద్యార్థి నోట ఆ మాట రాకూడదు. ఇక్కడ ఎందుకు ఇంతే, ఎంతవరకు ఇంతే, మార్చితే ఏమవుతుంది అని అడగడమే మనం తరగతిలో నేర్చిన చదువుకు ప్రయోజనం. దానికి ప్రయోగశాల అవసరం లేదు. ఒక నోటుపుస్తకం, ఒక గడియారం, కొంత ఓపిక చాలును.

కళాశాల పాలక సంఘం పెద్దలకు ఒక విన్నపం. భౌతికశాస్త్ర విభాగపు పర్యవేక్షణలో, ప్రతి సంవత్సరం పరీక్షలకు ముందు కొందరు విద్యార్థులు తమ తమ బస్తీలలో ఇటువంటి పరీక్షలు చేసి సహాయపడే ఏర్పాటు చేస్తే బాగుంటుంది. ఖర్చు స్వల్పం. విద్యార్థులకు అది ప్రయోగ పాఠం, ఇళ్లకు అది ఉపకారం. సూచనల పత్రాన్ని తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాసి ఇవ్వడానికి మేము సిద్ధంగా ఉన్నాము.

చివరి రోజున మేము సెలవు తీసుకుంటుండగా విమానమొకటి తలమీదుగా పోయింది. అందరమూ ఒక్కసారిగా తెరవంక చూశాము. పాఠం ఆగలేదు. దాదీమా కొంతసేపు తెరను, కొంతసేపు పైకప్పును చూసి, "అయితే ఇన్నాళ్లు పాపం దానిని ఊరికే తిట్టుకున్నానా బేటా!" అన్నారు. చెల్లెలు మాత్రం ఏమీ అనలేదు. ఆమె సమీకరణం వ్రాసుకుంటున్నది.